ఎత్తేయబోయిన ఫిజిక్స్ గ్రూపు

ఇంటర్ పరీక్షలు అయిపోయిన ఆ ఎండాకాలం మా ఇంటి ముందు ఆగినన్ని కార్లు అంతకుముందెప్పుడూ ఆగలేదు. కల్వకుర్తికి దగ్గర్లో ఉన్న మా ఊళ్లో గొర్లు కాసుకునేవాళ్ల వాడకట్టు మాది. పెండ్లిచూపులకు తప్ప అక్కడ కారు కనబడదు. అలాంటిది, ఫలానా వాళ్ల పిల్ల లెక్కలు, ఫిజిక్స్‌తో మంచి మార్కులకు పాసైందని ఎవరు చేరవేశారో ఏమో, ప్రైవేటు డిగ్రీ కాలేజీల వాళ్లు రంగు కాగితాలు పట్టుకుని వరసగా దిగారు. "ఒక్క రూపాయి కట్టే పని లేదమ్మా, సర్కారే ఫీజు ఇస్తది. మా బస్సు మీ ఇంటి ముంగటనే ఆగుతది" అని మా అమ్మకు చెప్పేవాళ్లు. అమ్మ అందరికీ చాయ్ పోసేది. అరుగు మీద కూర్చున్న మా అవ్వ మాత్రం, "గొర్రెను అమ్మేటోడు గూడ గింత పొగడడు గదనే" అని వాళ్లకు వినబడేటట్టే అనేది.

సర్కారు ఫీజు ఇవ్వడమంటే ఏమిటో మాకు అప్పటికే బాగా తెలుసు. మా చిన్నాయిన కూతురు హైదరాబాదులో ఒక ప్రైవేటు కాలేజీలో డిగ్రీ ముగించి, చేతిలో ఒక్క కాగితం లేకుండా ఇంట్లో కూర్చుని ఉంది. సర్కారు నుంచి రావాల్సిన ఫీజు రాలేదని కాలేజీ వాళ్లు మెమోలూ టీసీ ఆపుకున్నారు. ఎప్పుడు పోయి అడిగినా "సర్కారును అడగండి" అంటారు. సర్కారును ఎక్కడికి పోయి అడగాలో మా చిన్నాయినకు ఎవరూ చెప్పలేదు. అక్క పాసైన పిల్లో ఫెయిలైన పిల్లో కూడా తేడా తెలియకుండా పోయింది. అది చూసి మా నాయిన ఒక్కటే మాట అన్నాడు: "సదివితే కల్వకుర్తి సర్కారు కాలేజీల సదువు. లేదంటే మందెంట రా."

నాకు మందెంట పోవడం ఇష్టం లేదు. నాకు ఫిజిక్స్ చదవాలని ఉంది. ఎందుకని అడిగితే అప్పట్లో జవాబు చెప్పలేకపోయేదాన్ని, అడిగినవాళ్ల మీద కోపం చేసేదాన్ని. చిక్కేమిటంటే, ఆ సర్కారు కాలేజీలో ఫిజిక్స్ ఉన్న గ్రూపును ఎత్తేస్తారని ఊరూరా అనుకుంటున్నారు. కొన్నేళ్లుగా అందులో చేరేవాళ్లు తగ్గిపోయారు. ఆ ఏడు కూడా చాలినంతమంది చేరకపోతే గ్రూపు మూసేసి, చేరినవాళ్లను వేరే సబ్జెక్టులకు సర్దుతారట. పిల్లలు లేని గ్రూపుకు పైసలెందుకు దండగ అని పైనవాళ్లు అడుగుతున్నారు. పంతులు లేని గ్రూపులో పిల్లలెట్లా చేరుతారని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ కాలేజీలో ఫిజిక్స్ పోస్టు ఏండ్లుగా ఖాళీ. అక్కడ పాఠం చెబుతున్నది ఒక గెస్టు లెక్చరరు.

గెస్టు అంటే చుట్టం అనుకునేరు. చుట్టానికైతే కూర్చోమని చాప వేస్తారు. గెస్టు లెక్చరరుకు చెప్పిన క్లాసుకింత అని లెక్కగట్టి ఇస్తారు, ఎండాకాలం సెలవుల్లో ఏమీ ఇవ్వరు. ఏటా మళ్లీ కొత్తగా ఆర్డరు రావాలి. పీహెచ్‌డీ చేసిన మనిషైనా అంతే. మా మేడం పీహెచ్‌డీ చేసిన మనిషే.

ఆమె మా ఇంటికి కారులో రాలేదు. షేరింగ్ ఆటోలో, ముందు సీటు చివరన కూర్చుని, నెత్తిన కొంగు కప్పుకుని వచ్చారు. రోజూ దేవరకొండ నుంచి కల్వకుర్తికి బస్సులో వచ్చి పాఠం చెప్పి పోయే ఆమె, జీతం లేని మే నెలలో ఊళ్లు పట్టుకుని తిరుగుతున్నారు. అమ్మ ఇచ్చిన నీళ్లు తాగి, "ఫిజిక్సుల మంచి మార్కులు వచ్చింది నీకేనా?" అన్నారు.

నాకు అప్పటికే కార్లవాళ్లతో మాట్లాడి మాట్లాడి నోరు బాగా తిరిగింది. "మీ కాలేజీల ఫిజిక్స్ ఎత్తేస్తున్నరంట గద మేడం" అన్నాను.

"ఇంకా ముగ్గురు తక్కువున్నరు. నువ్వు జేరితే ఇద్దరే తక్కువ."

"ప్రైవేటోళ్లకాడ బస్సున్నది, కంప్యూటర్లున్నయ్, పెద్ద ల్యాబున్నది. మీకాడ ఏమున్నది?"

"నేనున్న" అన్నారు మేడం.

అమ్మ నన్ను వెనక నుంచి గిల్లింది. మేడం ఏమీ అనుకోలేదు. ఆటో దిగి నడిచి వచ్చిన రోడ్డు వైపు చెయ్యి చూపించి, "గంత ఎండల ఆ తారురోడ్డు మీద నీళ్లున్నట్టు కనబడ్తది గద, ఎందుకు?" అని అడిగారు. ఇంతేనా అనుకుని నేను టకటకా పుస్తకంలో మాట అప్పజెప్పాను, సంపూర్ణాంతర పరావర్తనం అని. "పేరు జెప్పినవు. ఎందుకో జెప్పు" అన్నారు. చెప్పాను. "మరి రోడ్డు కాడ గాలి వేడిగున్నదంటివి, పైన చల్లగున్నదంటివి. మధ్యల గీత గీసినట్టు ఉంటదా? వెలుగు ఎక్కడ్నించి మర్లుతది?" అన్నారు. అక్కడ ఇరుక్కున్నాను. ఒకటి చెబితే ఇంకొకటి అడుగుతారు. కోపంతో బొగ్గుముక్క తెచ్చి అరుగు మీద బొమ్మ గీసి వాదించాను. మేడం నా పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చుని, నా గీతను కొంచెం కొంచెంగా వంచుతూ పోయారు. ఆ వంపు చూశాక నాకు ఒక్కసారిగా అర్థమైంది, వెలుగు ఒక్కచోట మర్లదు, పొరపొరకూ కొంచెం వంగుతూ పోతుంది. లోపల పొయ్యి మీద అన్నం మాడింది. అవ్వ మాడిన అన్నం వాసన చూసి, "గీ సారమ్మ పొగడలేదే, కొట్లాడింది" అంది. అవ్వకు మేడం నచ్చారని దాని అర్థం.

నాయిన ఒక పెండ్లికని ఊరికి వచ్చిన రోజుల్లోనే మీసేవ దుకాణంలో నా పేరు ఆన్‌లైన్‌లో ఎక్కించారు మేడం. సీటు వచ్చింది. ఇక ఒక్క పని మిగిలింది. ఆ సీటు నాకు కావాలని ఖాయం చెయ్యాలంటే, ఆధార్‌కు జోడించిన ఫోనుకు ఒక నంబరు వస్తుంది, దాన్ని కొట్టాలి. మా ఇంట్లో ఆధార్‌కు జోడించిన ఫోను ఒక్కటే, అది నాయిన జేబులో ఉంది. నాయిన పెండ్లి కాగానే తిరిగి పోయి, మందతో పాటు దేవరకొండ దాటి, సాగర్ కాలువ కింద వరి కోసిన పొలాల్లో ఉన్నాడు. ఏటా ఎండాకాలం మావాళ్లు మందలను అక్కడికి తోలుకుపోతారు. పొలంలో మందను పండబెడితే ఆ పొలానికి ఎరువు. రైతు బదులుగా వడ్లో పైసలో ఇస్తాడు. వానలు పడేదాకా తిరిగి రారు.

గడువు రెండు రోజులుందనగా నాయినకు ఫోను చేశాను.

"నాయినా, నీ ఫోనుకు ఒక మెసేజ్ వస్తది. అండ్ల నంబరు ఉంటది, జర జెప్పు."

 "ఎవలు నువ్వు?" అన్నాడు.

"నేనే నాయినా!"

"నా బిడ్డ గసుంటి నంబర్లు అడగది."

సంగతేమిటంటే, నాయిన పెండ్లి నుంచి తిరిగి పోయాకనే మా పాలివాళ్లలో ఒకాయనకు ఎవడో ఫోను చేసి, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నా అని చెప్పి నంబరు అడిగి, ఖాతా ఊడ్చేశాడు. అప్పట్నుంచి మందలు కాసేవాళ్లందరూ ఒట్టు పెట్టుకున్నట్టు ఉన్నారు. పెండ్లాం అడిగినా ఆ నంబరు చెప్పొద్దని బ్యాంకు సారు చెప్పాడట. గొంతు మార్చి మాట్లాడతారని కూడా ఎవరో చెప్పారట.

"నీ బిడ్డనే నాయినా, సచ్చిపోయేటట్టున్న నీతోని!"

"అట్లనా? మరి మన బొల్లిగొర్రె ఈనింది. ఏం బెట్టింది, పోతునా, పెంటినా?"

మంద వెళ్లిపోయి నెలలైంది. బొల్లిగొర్రె ఎక్కడ ఈనిందో ఏం పెట్టిందో నాకెట్లా తెలుస్తుంది? ఏదైతే అదైంది అని "పెంటి" అన్నాను.

"ఇంటోళ్లకు నేనింకా చెప్పనే లేదు, నీకెట్ల తెల్సురా దొంగ నా కొడకా" అని ఫోను పెట్టేశాడు.

నేను ఇంట్లో చిందులు తొక్కాను. మేడం కల్వకుర్తి నుంచి ఫోను చేసి మాట్లాడితే ఆమెను కూడా, "గిదొక కొత్త గొంతా? మస్తు నేర్చిండ్రు" అని తిట్టి ఫోను ఆపేశాడట. ఇక అయిపోయింది అనుకున్నాను. వేరే మనిషైతే ఇంకో పిల్లను వెతుక్కునేవారు. మేడం నాతో అన్న మాట: "పొద్దుగాల మొదటి బస్సుకు రా. ఆధార్ కార్డు దెచ్చుకో. మీ నాయినను నీ మొఖం జూపెట్టి నమ్మిద్దాం."

దేవరకొండలో బస్సు మారి, హాలియాలో దిగి, అక్కడ్నుంచి ఆటోలో, ఆటో పోలేని చోట నడిచి వెతికాం. కనబడిన ప్రతి గొర్లమందను చూసి నేను పరుగెత్తడం, మనవాళ్లు కాదని వెనక్కి రావడం. ఎండకు నా తలకాయ పగిలిపోతోంది. మేడం మాత్రం పొలం గట్ల మీద చెప్పులు చేతబట్టుకుని నడుస్తూ, దారి పొడుగునా గొర్లు మిట్టమధ్యాహ్నం తలలన్నీ ఒక్కచోట ఎందుకు దూర్చుకుంటాయో నన్నడుగుతున్నారు. నీడ కోసమని నేను కసురుకున్నాను. నీడ ఎవరిది, ఎంత పడుతుంది, లెక్కగట్టమన్నారు. ఆ మనిషికి పాఠం చెప్పడానికి చోటూ వేళా ఉండేవి కావు.

నాయిన ఒక తుమ్మచెట్టు కింద దొరికాడు. నన్ను చూసి నిలువునా లేచి నిలబడ్డాడు. "ఏమైందే? అవ్వకేమన్న అయిందా?" అన్నాడు. అంత భయపెట్టినందుకు నాకు కొంచెం సంతోషం కూడా కలిగింది. జరిగింది చెప్పాను. "అయితే ఫోను జేసింది నువ్వేనా!" అని నోరెళ్లబెట్టి, అంతలోనే తేరుకుని, "బొల్లిగొర్రె పోతును బెట్టిందే" అన్నాడు.

ఆ రోజు మంద ఉన్న పొలంలో సిగ్నల్ లేదు. ముగ్గురం ఎండిపోయిన కాలువ కట్ట ఎక్కాం. మేడం తన ఫోనులో అడ్మిషన్ పేజీ తెరిచి నొక్కారు. నాయిన బటన్ల ఫోను కూసింది. నాయిన దాన్ని వెంటనే రెండు చేతులతో ఛాతీకి హత్తుకున్నాడు. మేడం వైపు అనుమానంగా చూశాడు.

"పంతులమ్మా, మాట అడుగుత, ఏమనుకోకు. గింత ఎండల గింత దూరం ఎవలూ ఊకెనే రారు. నీ నౌకరి నిలవెట్టుకోనీకె వచ్చినవు గద?"

నాకు సిగ్గేసింది. నిజం చెప్పాలంటే అదే అనుమానం నాకూ ఉంది. పిల్లలు లేకపోతే ముందు పోయేది ఆమె కొలువే కదా.

మేడం నవ్వారు. "నౌకరి కోసమే అనుకో అన్నా. నంబరు నాకు జూపియ్యొద్దు. నీ బిడ్డకే జూపియ్యి" అని తన ఫోను నా చేతిలో పెట్టి, అటు తిరిగి, ఎండిన కాలువ వైపు ముఖం పెట్టి, రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుని నిలబడ్డారు. అంత చదువు చదివిన మనిషి, నల్లబడ్డ ముఖంతో, దుమ్ము కొట్టుకున్న కాళ్లతో, చిన్నపిల్లలా అట్లా నిలబడి ఉంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాయిన నా చెవిలో గుసగుసగా ఒక్కొక్క అంకె చెప్పాడు. నేను కొట్టాను. సీటు ఖాయమైందని తెర మీద పచ్చగా వచ్చింది. "అయిపోయింది మేడం!" అని అరిచాను. చెవులు మూసుకున్నారు కదా, వినబడలేదు. భుజం పట్టి కుదిపితే ఇటు తిరిగారు. ఆ ముఖంలో అంత వెలుగు నేను మళ్లీ చూడలేదు.

"గిది సదివి ఏం జేస్తది పంతులమ్మా, నిజం జెప్పు" అని నాయిన చివరికి అడిగాడు.

"ఏం జేస్తదో నాకూ తెల్వదన్నా. కని గీమె ఊకోది. అడుగుతది, అర్థమయ్యేదాక కొట్లాడుతది. గసుంటి పిల్లను ఇంట్ల గూసోవెడితే పాపం తగులుతది" అన్నారు మేడం. నాయిన మాకు మేకపాలతో చాయ్ కాచి ఇచ్చాడు. ఆమెను నమ్మాడనడానికి అంతకంటే గుర్తు ఏం కావాలి?

మిగిలిన ఇద్దరినీ కూడా ఎక్కడ్నుంచో పట్టుకొచ్చారు. గ్రూపు నిలబడింది.

ఆ ఏడు ఆమె పాఠం ఎట్లా చెప్పారో రాయడం నాకు చేతకాదు. మా ల్యాబులో సగం సామాను తుప్పు పట్టి ఉండేది. కొత్తది కొనమంటే పైసలు రాలేదనేవాళ్లు, అదే ఏడు కాలేజీ గేటుకు మాత్రం కొత్త కమాను కట్టారు. మేడం దేవరకొండ సంతలో దొరికిన స్ప్రింగులూ అద్దాలూ సంచీలో వేసుకుని వచ్చేవారు. ఒక్కరికి అర్థం కాకపోయినా పాఠం ముందుకు కదిలేది కాదు. "అర్థమైందని తల ఊపకుండ్రి, నాకు కోపమొస్తది" అనేవారు. ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను, చాలామంది పెద్ద పెద్ద పంతుళ్ల దగ్గర చదివాను కూడా. అట్లా చెప్పేవాళ్లను ఇంకొకరిని చూడలేదు. ఇంకో సంగతి, మాకు క్లాసులు మొదలైననాటికి ఆమెకు ఆ ఏడాది ఆర్డరే రాలేదు. దసరా దాటాక వచ్చింది. అప్పటిదాకా బస్సు కిరాయి పెట్టుకుని వచ్చి ఊరికే చెప్పారు. మాకా విషయం ఆఫీసు వాళ్లు చెబితే తెలిసింది.

మొదటి సంవత్సరం పరీక్షలు ముగిశాయి. అప్పుడు బదిలీలు జరిగాయి. గ్రూపు నిలబడింది కాబట్టి పోస్టు నిలబడింది. పోస్టు ఉంది కాబట్టి దాంట్లోకి రెగ్యులర్ లెక్చరరు ఒకాయన వచ్చారు. రెగ్యులర్ వస్తే గెస్టు దిగిపోవాలి. మేడం ల్యాబు తాళాలు ఆయనకు అప్పజెప్పి, ప్రతి బీరువా తెరిచి ఏది పనిచేస్తుందో ఏది చెయ్యదో చూపించారు. నేను కడుపు మండి గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాను. ఆమె వెళ్లాక ఆ కొత్త సారును నిలదీసినట్టే అడిగాను, మీకు ఇంకెక్కడా ఊరు దొరకలేదా అని.

సారు మంచివారు, కోప్పడలేదు. "మాది ఇక్కడికి దగ్గరేనమ్మా. పోయిన ఎండాకాలమే బదిలీలుంటాయని అనుకుంటుంటే వచ్చి చూసి పోయాను. గ్రూపు ఉంటుందా, మూసేస్తారా అని మీ మేడమ్‌నే అడిగాను. పిల్లలను నేను తెస్తున్నాను సార్, ఉంటుంది, మీరు ఈ కాలేజీనే కోరుకోండి అన్నారు."

పోయిన ఎండాకాలం. అంటే ఆ కాలువ కట్ట మీద చెవులు మూసుకుని నిలబడ్డనాటికే ఆమెకు తెలుసు.

బస్టాండుకు పరుగెత్తాను. దేవరకొండ బస్సు కోసం నీడలో నిలబడి ఉన్నారు.

"మీకు ముందే తెల్సా?"

"ఏంది?"

"సారు వస్తడని. వస్తే మిమ్ముల తీసేస్తరని."

"తెల్సు."

"మరెందుకు రమ్మన్నరు మేడం? మతి ఉండే చేసిండ్రా గీ పని?" నలుగురూ చూస్తున్నారని కూడా చూసుకోలేదు, గట్టిగా అరిచాను.

"జర మెల్లగ. నాకు ఆర్డరు ఎప్పుడు వస్తది? దసరా దాటినంక. అది రానన్ని దినాలు ఊకెనే వచ్చి జెప్పిన. ఎన్నేండ్లని జెప్త బిడ్డా? ఇంట్ల ఖర్సులకు ఎల్లుతలేదు. రేపు నేను రాలేకపోతిననుకో, మీరు దసరా దాక ఖాళీ గూసుంటరు. సారైతే జూన్‌లనే మొదలువెడ్తడు."

"మరి మీరు?"

"యాడనో ఒకకాడ గెస్టు జాగా ఉంటది. నువ్వేం ఫికర్ జెయ్యకు. రెండో ఏడు కష్టముంటది, మంచిగ సదువు." బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీ పక్కన సీటు దొరికిందని చేత్తో సైగ చేశారు. నేను చెయ్యి కూడా ఊపలేకపోయాను.

ఆ జూన్‌లో కాలేజీ తెరిచిన మొదటి రోజే, మొదటి గంటలోనే మాకు ఫిజిక్స్ క్లాసు జరిగింది. ఆ కాలేజీలో అట్లా జరగడం ఎన్నో ఏండ్ల తర్వాత అదే మొదటిసారని అటెండరు చెప్పాడు. సారు బాగానే చెప్పారు. నేను వెనక బెంచీలో కూర్చుని, బోర్డు మీద ఉన్నదంతా రాసుకుంటూ, ఆ గంటసేపూ ఏడుస్తూనే ఉన్నాను.